వెనక సీటుకు గంట

1996 వేసవి. ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు మీద నా సైకిల్ షాపు. ఒకరోజు ఒకావిడ వచ్చి, ఇద్దరు కలిసి తొక్కే సైకిల్ చేసిస్తావా అని అడిగింది. పేరు నారాయణమ్మ. జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో బాల్‌వాడీ టీచర్. అంతకు ముందు ఏడాది గండికోట చూడటానికి పోతున్న విదేశీ జంట ఒకటి అలాంటి సైకిల్‌కు చైన్ తెగి నా షాపు ముందు ఆగింది. చైన్ అతికిస్తూనే నేను ఆ సైకిల్ కొలతలన్నీ టేపు పెట్టి రాసుకున్నాను. ఆ సంగతి ఎవరో ఆమెకు చెప్పారు.

ఆ సైకిల్‌ను టాండెం అంటారని ఆ జంటే చెప్పింది. ఒకదాని వెనక ఒకటిగా రెండు సీట్లు, రెండు జతల పెడల్స్. ముందు కూర్చునే మనిషి క్యాప్టెన్. హ్యాండిల్, బ్రేకులు ఆ మనిషి చేతిలో ఉంటాయి. వెనక మనిషిని స్టోకర్ అంటారు. పాత రైలింజన్లలో బొగ్గు వేసే మనిషికి ఆ పేరని ముద్దనూరు స్టేషన్లో పనిచేసిన ఒక పెద్దాయన తర్వాత నాకు చెప్పాడు. మనం డబుల్స్ అనేది వేరు. డబుల్స్‌లో ఒకరు తొక్కుతారు, ఇంకొకరు క్యారియర్ మీద బరువుగా కూర్చుంటారు. టాండెంలో ఇద్దరూ తొక్కాల్సిందే.

ఎవరికమ్మా అంటే, తనకూ తన భర్తకూ అంది. భర్త ఓబులేసు, ఆమెకు సొంత మేనమామ. గొర్రెలు కాసుకునే ఇంటి మనిషి. ఊళ్ళో రెండు పార్టీలు కొట్టుకున్న రోజుల్లో నాటుబాంబు పేలి ఆయన రెండు కళ్ళూ పోయాయి. తర్వాత పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేశారు. అవతలి పార్టీవాళ్ళు ఎదురైతే పలకరిస్తున్నారు కూడా. అయినా ఓబులేసు గడప దాటడం లేదు.

"నా సైకిల్ క్యారియర్ మీద కూసో అంటే, మూట మాదిరి కూసోనంటాడన్నా. తొక్కే పనుంటే వస్తాడేమో. ఇట్లే ఇంట్లో కూసుంటే మనిషి మిగలడు," అంది.

రెండు పాత సైకిళ్ళు కోసి, వెల్డింగ్ పెట్టించి ఒకటి చేశాను. ఇందులో అసలు లెక్క టైమింగ్ చైన్‌ది. ముందు పెడల్స్‌నూ వెనక పెడల్స్‌నూ కలిపే చైన్ అది. దాని రెండు చివర్ల పళ్ళచక్రాలకు పళ్ళు సమానంగా ఉండాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా ఇద్దరి కాళ్ళూ కలవవు. రెండు పక్కలా నలభై నాలుగు పళ్ళవే వేశాను. ఒకరు కాళ్ళు ఆపితే రెండో మనిషి కాళ్ళూ ఆగిపోతాయి కాబట్టి, ఆపే ముందు చెప్పుకోవాలని నారాయణమ్మకు నేర్పాను.

నీ కాళ్ళు లేకుంటే సైకిల్ కదలదని చెప్పి ఆమె ఆయనను బస్సులో పిల్చుకొచ్చింది. పొడగరి, నల్లద్దాలు. సైకిల్‌ను ముందు నుంచి వెనక దాకా చేత్తో తడిమి చూశాడు.

"ఇందులో పెద్ద ఎవురప్పా?" అన్నాడు.

ముందు కూర్చునే నారాయణమ్మే క్యాప్టెన్ అన్నాను.

"ఇంట్లో గూడా ఆయమ్మేలే," అని నవ్వాడు.

ఎక్కారు. కొంచెం దూరం పోగానే సైకిల్ కుడికి లాగేసింది. నారాయణమ్మ కాలు కింద పెట్టి ఆపింది. నేను ఫ్రేమ్‌కు ముందు నుంచి వెనక దాకా రెండు పక్కలా దారం కట్టి కొలిచాను. తేడా లేదు. చక్రాలు తిప్పి చూశాను. వంకర లేదు. మళ్ళీ ఎక్కితే మళ్ళీ కుడికే. మూడోసారి సైకిల్‌ను వదిలేసి మనుషులను చూస్తూ పక్కనే నడిచాను. ఓబులేసు కాళ్ళు బాగానే తొక్కుతున్నాయి. నడుము పై భాగం మాత్రం కుడికి తిరిగిపోయి, చెవి వెనకపక్కకు పెట్టి ఉంది.

"ఎనక్కెందుకు తిరుగుతాండావు ఓబులేసన్నా?" అన్నాను.

తొక్కడం ఆపాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. పార్టీల రోజుల్లో ఆయన, వాళ్ళన్న డబుల్స్ పోయేవాళ్ళు. అన్న తొక్కేవాడు. ఈయన క్యారియర్ మీద వెనక్కి తిరిగి కూర్చునేవాడు. వాళ్ళ ఊళ్ళో అందరూ అట్లాగే పోయేవాళ్ళు. ఎవరైనా వస్తున్నారేమో చూడటం క్యారియర్ మీది మనిషి పని.

"కండ్లు పోయినా ఆ పని పోలేదప్పా. ఇప్పుడు ఎనక ఎవురు సూస్తారు?"

నారాయణమ్మ హ్యాండిల్ వదలకుండానే అంది. "నేను సూస్తాలే మామా."

"నువ్వు ముందర సూడాల గదా?"

"రెండూ సూస్తా. నువ్వు తొక్కు."

నేను లోపలికి పోయి స్కూటర్ అద్దం ఒకటి తెచ్చి ఆమె హ్యాండిల్‌కు బిగించాను. ఈసారి బయల్దేరగానే ఓబులేసు, ఎనక ఎవురు అన్నాడు. పాలాయన అంది. మళ్ళీ ఎవురు అన్నాడు. బర్రెలు అంది. సైకిల్ రోడ్డు మలుపు దాకా తిన్నగా పోయింది.

మళ్ళీ చలికాలంలో వచ్చారు. కొత్త చైన్ సాగడం మామూలే, బిగించాలి. చూస్తే హ్యాండిల్‌కు అద్దం లేదు, కమ్మీ ఒక్కటే ఉంది. గుంతల రోడ్డుకు ఎప్పుడో ఊడి పగిలిపోయిందని చెప్పింది నారాయణమ్మ. ఆ సంగతి ఓబులేసుకూ తెలుసట. నేను అట్టపెట్టెలోంచి కొత్త అద్దం తీస్తుంటే ఆ చప్పుడు విని ఆయనే అన్నాడు.

"అద్దం వద్దుగాని, గంట ఉందా?"

"ముందర ఉంది కదన్నా."

"అది ఆయమ్మది. నా సీటుకు ఒకటి ఎయ్యి. ఓబులేసు వస్తాండాడని ఊరోళ్ళకు తెలియాల."

 నారాయణమ్మ గంటల డబ్బా ముందు కూర్చుని ఒక్కొక్కటే మోగించి చూసి, అన్నింటికన్నా గట్టిగా మోగేది ఏరి నా చేతికిచ్చింది.

ఇప్పటికీ ఎవరైనా సైకిల్ ఒక పక్కకు లాగుతోందని తెస్తే, దారం తీసే ముందు ఆ మనిషిని ఎక్కించి కొంచెం దూరం తొక్కమంటాను. దారంతో ఫ్రేమ్ వంకర తెలుస్తుంది. ఓబులేసు వెనక్కి తిరగడం దారంతో తెలియలేదు, అడిగితేనే తెలిసింది. గంట బిగించిన రోజు వాళ్ళు జమ్మలమడుగు రోడ్డు ఎక్కిందాకా వెనక సీటు గంట మోగుతూనే ఉంది. దారిలో ఎవరూ అడ్డం లేకపోయినా.