జేబులో నెట్టు, సంచిలో అన్న

మా అన్న ఖాదర్ వేలూరు ఆసుపత్రిలో మంచం మీదుండాడు. ఆయన కూతురు నస్రీన్ నిఖా బోగోలు మండలంలో, సముద్రం ఒడ్డునున్న వాళ్ల ఊళ్లో. ఈ రెండిటికీ మధ్య నన్ను పెట్టినారు. నేను నెల్లూరులో టైలరుని. ఎట్టాంటి చినుగునైనా కుట్టేస్తా గానీ, ఇట్టాంటి అతుకు నా జన్మలో వెయ్యలేదు.

జరిగిందేందంటే, పెళ్లి తేదీ పెట్టుకున్నాక అన్నకి గుండె ఆపరేషన్ పడింది. వాయిదా వేద్దామని అందరం అన్నాం. ఆయన వినలా. పిలుపులు అయిపోయినాయి, మగపెళ్లివాళ్లు ఖర్చు పెట్టుకున్నారు, జరిపించండి అన్నాడు. ఒక్కటే కోరినాడు. బిడ్డ ఖుబూల్, అంటే సమ్మతమే, అనే మాట తన చెవులతో వినాలంట, ఆ పూట దాని ముఖం చూడాలంట. వీడియోలో కాసేపయితే చూడొచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు. తండ్రి రాలేడు కాబట్టి వకీలుగా నేనుండాలి. వకీలంటే కోర్టు వకీలు కాదు. మా నిఖాలో పెళ్లికూతురు ఆడవాళ్ల గదిలో ఉంటాది, ఖాజీ మగవాళ్ల పందిట్లో ఉంటాడు. ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని లోపలికి పోయి, పిల్ల సమ్మతి అడిగి, ఆ మాట పందిట్లోకి మోసుకొచ్చేవాడు వకీలు.

చిక్కంతా ఆ వీడియో దగ్గరే వచ్చింది. ఆ ఇంట్లో నా సిమ్ముకి తప్ప ఇంకే సిమ్ముకీ సిగ్నల్ నిలవదు. నా ఫోను కెమెరా చూస్తే పోయిన నెల కత్తెర మీదపడి పగిలిపోయింది. మా అమ్మాయి షాహీన్ చదువుకునే టాబ్‌కి కెమెరా ఉంది, సిమ్ము లేదు. "నీ ఫోన్లో హాట్‌స్పాట్ వేస్తే టాబ్‌కి నెట్ వస్తుంది నాన్నా, అంతే" అనింది. తనకి పరీక్ష, రాలేదు. నాకు మూడుసార్లు నేర్పించింది, నేను మూడుసార్లూ తలూపినా. పాస్‌వర్డు మా పిల్లి పేరు. అది మాత్రం గట్టిగా గుర్తుండాది.

పొద్దున ఏడు గంటల ప్యాసింజర్‌కి బయల్దేరినా. నా భార్య ముందే పోయుండాది. స్టేషన్ బయట నాలుగిడ్లీ తిన్నా, కారప్పొడి బాగుంది. కిటికీ పక్కన సీటు దొరికింది. ఎదురుగా ఆత్మకూరు వైపు రైతు ఒకాయన, కావలికి పోతాండాడు. నేను ఒక తొడ మీద ఫోను, ఒక తొడ మీద టాబ్ పెట్టుకుని తంటాలు పడతా ఉంటే ఆయన ఉండబట్టలేక అడిగినాడు. నేను కథంతా చెప్పినా.

"మరి మధ్యలో వైరేదన్నా?" అన్నాడు.

వైరు అక్కర్లేదని పెద్ద తెలిసినోడి మాదిరి చెప్పినా గానీ, చెప్పినాక నాకే అనుమానం పట్టుకుంది. వైరు లేకుండా ఎట్టా పోతాది? నెట్టు ఫోన్లో ఉంటాదా, టాబ్‌లో ఉంటాదా, లేకపోతే రెండిటికీ మధ్య గాల్లో ఉంటాదా? మధ్యలో మనిషి కూర్చుంటే అడ్డమా? షాహీన్‌ని అడుగుదామంటే పరీక్ష హాల్లో ఉండాది. పరీక్ష చేద్దామని ఆ రైతు ఫోనుకి కూడా పిల్లి పేరు కొట్టించినా. ఠక్కున నెట్టు వచ్చేసింది. ఆయన క్రికెట్టు పెట్టుకున్నాడు. నాకు ఆ క్షణంలో కలిగిన గర్వం అంతా ఇంతా కాదు. పడుగుపాడు, కొడవలూరు, తలమంచి, ఏ స్టేషనూ చూడలా, ఆయన క్రికెట్టే చూసినా.

ఎనిమిదిన్నరకి బిత్రగుంటలో దిగితే, ఈ రోజు నెట్టులో సగం అయిపోయిందని ఫోనుకి మెసేజొచ్చింది. ఎవరు తిన్నారబ్బా అనుకున్నా. అప్పుడు వెలిగింది. రైలు కదులుతోంది, కిటికీలోంచి ఆయన చెయ్యి ఊపుతున్నాడు. రైలు కావలి చేరేదాకా ఆయన నా నెట్టు తాగుతానే ఉంటాడా అని ప్లాట్‌ఫాం మీద వెర్రివాడి మాదిరి నిలబడి చూసినా. తర్వాత బయట కొట్లో ఇంకో ప్యాకు వేయించుకున్నా.

ఆటో సంగతి చెప్పాలి, మీరెవరన్నా ఆ వైపు పోతే పనికొస్తాది. బిత్రగుంట నుంచి సముద్రం దాకా పోయే ఆటో మాట్లాడుకునేటప్పుడే తిరుగు ప్రయాణం కూడా మాట్లాడుకోండి. మధ్యాహ్నం దాటితే వాళ్లు ఎంత చెప్తే అంత. దారంతా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లు చిలికే చక్రాలు. ఆ చప్పుడు ఆగిపోయిన చోట వల దారాలు, బెండ్లు అమ్మే మా అన్న కొట్టు. దాని వెనకే ఇల్లు.

పదికల్లా ఆడవాళ్ల గదిలో పరుపుల దొంతర మీద టాబ్ ఆనించినా. హాట్‌స్పాట్ వేసి, ఫోను చొక్కా జేబులో పెట్టుకున్నా. వదిన వాళ్ల తమ్ముడు వేలూరులో అన్న పక్కన ఫోను పట్టుకుని ఉండాడు. అన్న కనపడినాడు. గడ్డం మాసింది, ముక్కుకి గొట్టం, తల మీద మాత్రం ఇస్త్రీ టోపీ. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నస్రీన్ ముసుగు కొంచెం ఎత్తి చూసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగినాయి. మూడుసార్లు నేర్పించిన షాహీన్ చదువు వృథా పోలేదు అనుకుంటా ఖాజీ గారిని కలవడానికి పందిట్లోకి పోయినా.

కూర్చున్నానో లేదో లోపల గోల. అన్న పోయినాడు, తెరంతా నల్లగా అయిపోయింది అన్నారు. పరిగెత్తినా. నేను గడప దగ్గరికి చేరేసరికి అన్న ఉండాడు, బాగానే ఉండాడు. సరే అని మళ్లీ పందిట్లోకి పోయినా. మళ్లీ గోల. మళ్లీ పరుగు. మళ్లీ అన్న ఉండాడు.

ఇంక ఇంటినిండా పండితులు బయల్దేరినారు. సముద్రపు గాలికి ఇంతేనని ఒకరు, షామియానా ఇనప గుంజలు లాగేస్తాండాయని ఒకరు, బిరియానీ పొయ్యి సెగని ఒకరు. నేను పొయ్యి కూడా కాస్త దూరం జరిపించినా. వంటాయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలా.

మూడోసారి మాత్రం నవ్వులాట కాలేదు. ఈసారి తెర నల్లబడలా. అన్న ముఖం కళ్లు మూసుకుని, నోరు సగం తెరుచుకుని అట్టాగే బిగుసుకుపోయింది. వదిన చూసి కూలబడిపోయింది. ఆయనకేదో అయిపోయింది, మీరంతా నా దగ్గర దాస్తాండారు అని ఏడుపు. దేవుడా, పెళ్లి పూట ఇదేం పరీక్ష అనుకుంటా గడప దాటి లోపలికి అడుగుపెట్టినా. అన్న కదిలినాడు.

"ఏందిరా మస్తాన్, లోపలికీ బయటికీ తిరుగుతాండావు? నాకు కళ్లు తిరుగుతాండాయి" అన్నాడు.

మా అమ్మ మూలన కుర్చీలో కూర్చోనుండాది. అంతా గమనించినట్టుంది. "నువ్వు కనపడితే గానీ వాడు కనపడ్డంలా. చిన్నప్పట్నుంచీ అంతే మీ ఇద్దరూ" అనింది. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మినా. నమ్మక ఏం చేసేది? ఇనప గుంజల కంటే ఇదే న్యాయంగా అనిపించింది.

వేళ మించిపోతోందని ఖాజీ గారు కబురు పెట్టినారు. సాక్షులతో వచ్చి నస్రీన్ ముందు కూర్చుని, వరుడి పేరు, అతనిచ్చే మెహర్ సొమ్ము చెప్పి, సమ్మతమేనా తల్లీ అని అడిగినా. మొదటిసారికే చెప్పే ఆనవాయితీ లేదు కాబట్టి ఊరుకుంది. రెండోసారి అడిగితే టాబ్ వైపు చూసింది.

అన్న దమ్ము కూడగట్టుకున్నాడు. "నాకిష్టమే తల్లీ. నీకూ ఇష్టమయితే చెప్పు."

నస్రీన్ గొణిగినట్టు ఖుబూల్ అనింది. వినపళ్లేదన్నాడు అన్న. పిల్ల ఈసారి ముసుగు పక్కకి లాగి గట్టిగా అనింది. పెళ్లికూతురు అంత గట్టిగా ఖుబూల్ అనడం ఆ ఊళ్లో ఎవరూ విని ఉండరు. పందిట్లోకి కూడా వినపడిందంట. నేను మోసుకుపోవాల్సిన మాట నాకంటే ముందే పోయింది. ఆడవాళ్లు ఏడుస్తానే నవ్వినారు. అన్న రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

నేను లేచి గడప వైపు తిరిగినా.

"చిన్నాన్నా, ఆగండి" అనింది నస్రీన్. "నెట్టు మీ జేబులో ఉంది. మీరు గడప దాటితే నాన్న పోతాడు."

జేబు మీద చెయ్యి పెట్టుకుని చూసినా. ఫోను వేడిగా కాలుతోంది. పొద్దున్నుంచీ అన్నని జేబులో వేసుకుని పందిట్లోకి తీసుకుపోతా, మళ్లీ తెచ్చి ఇస్తా ఉన్నది నేనే! సిగ్గుతో ఫోను తీసి ఆ పిల్ల ఒళ్లో పెట్టబోయినా.

"వద్దు. రెండూ తీసుకుపోండి. పందిట్లో నాన్న చోటు ఖాళీగా ఉంది" అనింది.

వదిన టాబ్ కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. జేబులో ఫోను, చేతుల్లో అన్న, వెనక సాక్షులు, అట్టా పందిట్లోకి నడిచినా. ఈసారి గడప దాటినా అన్న పోలేదు. ఖాజీ గారు జరిగి చోటిచ్చినారు. దిండుకి ఆనించి కూర్చోబెట్టినా. ఖాజీ గారు నన్ను వదిలేసి నేరుగా ఆయనకే సలాం చెప్పి, ఆయన్నే అడిగి నిఖా చదివినారు. దువాకి, అంటే చివరి ప్రార్థనకి, అందరితోపాటు అన్న కూడా చేతులెత్తినాడు, ఒక చేతికి సూది ఉంది. దువా అయినాక, బాగా అలిసిపోయినట్టుండాడని టాబ్ మూత మూసి సంచిలో పెట్టేసినా. మూత మూస్తే అన్నీ ఆగిపోతాయని నా జ్ఞానం.

బిరియానీ తిన్నాం. మూడు దాటినాక పిల్లని పంపించినాం. నస్రీన్ కారెక్కే ముందు ఇంటి వైపు తిరిగి నాన్నా అని పెద్దగా ఏడిచింది. ఆ పిలుపుకి పలికేవాడు అక్కడ లేడే అనుకున్నా. నా భార్య వదినకి తోడుగా ఉండిపోయింది. ఆటోవాడు మాట్లాడుకున్న దానికంటే ఎక్కువ అడిగినాడు, ఓపిక లేక ఇచ్చేసినా. సాయంత్రం ప్యాసింజర్ ఎక్కి సంచి ఒళ్లో పెట్టుకుని కునుకు తీస్తాండా.

"మస్తాన్, ఏ స్టేషనురా ఇది?"

ఉలిక్కిపడి లేచినా. పక్కనున్న చేపలామె సంచి వంక చూసి దూరం జరిగింది. టాబ్ తీసి మూత తెరిస్తే అన్న. ఆయనా కట్ చెయ్యలేదు, నేనూ కట్ చెయ్యలేదు. హాట్‌స్పాట్ ఆపడం షాహీన్ నేర్పలా, నేర్పిందేమో నాకు గుర్తు లేదు. అక్కడ వదిన తమ్ముడు కుర్చీలో నిద్రపోతాండాడు. అన్న ఫోను దిండు మీద పెట్టుకుని చీకటి సంచిలోంచే అంతా విన్నాడంట, అరగంట నిద్ర కూడా పోయినాడంట. ఆటోవాడికి ఎక్కువిచ్చినావురా అని తిట్టినాడు కూడా.

తర్వాత అన్నాడు, "నస్రీన్ నాన్నా అని పిలిచింది కదా. నేను పలికినా. మీకెవరికీ వినపళ్లేదు."

నెట్టు ఎక్కడుంటాదో ఇప్పటికీ నాకు తెలీదు. ఇంత తిరిగినా నాకు అర్థమైంది తక్కువే. పోయొచ్చిన దారి గురించి ఏమడిగినా చెప్తా గానీ, అది మాత్రం నన్నడగొద్దు. ఆ రాత్రికే నస్రీన్‌కి ఫోన్ చేసి చెప్పాలని మాత్రం అనుకున్నా, మీ నాన్న పలికినాడమ్మా అని.

"డాక్టరు కాసేపే అన్నాడు కదన్నా, కట్ చేస్తా" అన్నా.

"చెయ్యబాక. కిటికీ వైపు పెట్టు."

పెట్టినా. పడుగుపాడు దాటింది. రైలు చప్పుడు మారింది.

"పెన్నా?" అన్నాడు.

"పెన్న వంతెనేనన్నా."

"సరే. నువ్వు ఇల్లు చేరు. చేరినాక నేను పడుకుంటా."

నెల్లూరులో దిగి, జేబులో ఫోను, చేతిలో టాబ్, రెండిటినీ ఒకదానికొకటి దూరం కానీకుండా పట్టుకుని ఇంటిదాకా నడిచినా.