దేవసహాయం అయ్యవారు బాతులు తినలేదు

ఈ పొద్దున పార్కు కుంట దగ్గర తడి రెక్కలు దులుపుకున్న చప్పుడు వినిపించింది. గబుక్కున వెనక్కి తిరిగాను. నా వెనక ఏ బాతూ లేదు. గుర్తొచ్చింది మాత్రం దేవసహాయం అయ్యవారు. మిషన్ బడిలో ఆయన అందరికంటే పాత ఉపాధ్యాయుడు, నేను కొత్తగా చేరినవాణ్ణి. గొంతు పెంచకుండా పాఠం చెప్పడం నాకు నేర్పింది ఆయనే. కర్నూలులో ఇప్పటికీ ఆయన పేరెత్తితే, "పార్కు బాతుల్ని ఇంటికి తోలుకపోయి కూర చేసుకున్న అయ్యవారేనా?" అని నవ్వుతారు. జరిగింది వేరు.

నేను బడిలో చేరిన సంవత్సరం, వానలు తగ్గాక మునిసిపాలిటీ వాళ్లు కుంట గట్టున గడ్డి కోయించారు. అడవి బాతు గూడొకటి బయటపడింది. బెదిరి ఎగిరిపోయిన తల్లి సాయంత్రమైనా తిరిగి రాలేదు. అయ్యవారు గుడ్లను తలపాగాలో పెట్టుకొని తెచ్చి, పక్కింట్లోనే ఉండే మా ఇంట పొదగడానికి కూర్చున్న కోడి కింద పెట్టించారు. పిల్లలు బయటికొచ్చి, నడక రాగానే బావి దగ్గరి నీళ్ల గుంటలోకి దిగాయి. మా కోడి ఒడ్డున నిలబడి వీధి అదిరేలా అరిచింది. "ఊరుకోమ్మా, నీ బిడ్డలు ఈతకు పోయినారు, అంతే" అని అయ్యవారు దాన్ని సముదాయించారు.

అవి పెద్దవయ్యాక మళ్లీ పార్కుకే చేర్చాలని ఆయన పట్టుదల. రోజూ పొద్దున గంపలో తీసుకెళ్లి వదిలేవారు. ఆయన తిరుగుముఖం పట్టగానే అవి వరసగా వెంట నడిచేవి. ఒకనాడు గేటు దగ్గర కావలివాడు అడ్డం వచ్చాడు.

"ఏమయ్యవారూ, మునిసిపాలిటీ బాతుల్ని యాడికి తోలుకపోతాండారు?"

"నేను తోలుకపోలేదప్పా, అవే వస్తాండాయి. చేతనైతే నువ్వే ఆపు."

కావలివాడు కర్ర అడ్డం పెట్టాడు. అవి అతని కాళ్ల సందున దూరి వచ్చేశాయి.

ఊరు చూసింది ఆ తిరుగు ప్రయాణాన్నే. హెడ్మాస్టరు పని ఖాళీ అయి, అది అయ్యవారికే వస్తుందని అందరూ అనుకుంటున్న రోజులవి. బడి మేనేజరు నన్ను పిలిచి బాతుల మాట నిజమా అని అడిగారు. "క్రిస్మస్ దాకా ఆగితే వాసనే చెప్తుంది సార్" అన్నాను. గదిలో ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వు నాకు రుచించింది. అసలు సంగతి చెప్పకుండానే బయటికొచ్చాను. హెడ్మాస్టరు పని పొరుగూరి మనిషికి పోయింది.

క్రిస్మస్‌కు ముందు ఒక పొద్దున నేనూ ఆయనకు తోడు వెళ్లాను. కుంట మీది గుంపు ఒక్కసారిగా లేచింది. మా బాతులూ లేచాయి. అయ్యవారు ఖాళీ గంప పట్టుకొని చాలాసేపు ఆకాశం చూశారు.

"పోయినాయిలేప్పా, శానా సంతోషం. నా పక్క చెప్పే సాక్షులు కూడా పోయినారు" అని నవ్వారు. నా వైపు మాత్రం చూడలేదు.

సాక్షులందరూ పోలేదు. ఆ గుడ్లు పొదిగిన కోడి మాది. ఆయన కన్నుమూసి ఇన్నేళ్లయ్యాక ఈ మాట రాస్తున్నాను. ఇప్పటికీ ఏ పార్కు గేటు దాటినా ఒకసారి వెనక్కి చూస్తాను, నన్ను నమ్మి ఎవరైనా వెంట వస్తున్నారేమోనని.