చాకలికి వేసిన చీర

లాండ్రీకి ఇచ్చిన బట్టలు ఇప్పుడు ఏదో పూల సబ్బు వాసనతో తిరిగొస్తున్నాయి. వాటిని బీరువాలో సర్దుతున్నప్పుడు నరసరావుపేటలో నా చిన్నప్పటి చలికాలాలు గుర్తుకొస్తాయి. అప్పుడు ఉతికిన బట్టలకు, సబ్బుకు బదులు వాడే చౌడు మట్టి వాసన, బానలో ఉడికిన ఆవిరి వాసన ఉండేవి. మార్గశిరంలో తడి చీరలు రెండేసి రోజులు దండెం మీదే వేలాడేవి. వాటి కింద కుంపటి పెట్టుకుని, తేగలు కాల్చుకు తింటూ, నారలు ఒకరి మీద ఒకరం విసురుకునేవాళ్లం.

నాకు తొమ్మిదో ఏట అమ్మ పోయింది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, బట్ట కంట్రోలు రేషన్ మీదే, అరకొరగా దొరికేది. అమ్మ నీలం నేతచీర ఒకటి కప్పుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు. అది బాగా మాసిందని ఒకరోజు నాయనమ్మ, "ఆ చీర చాకలికెయ్యవే" అంది. ఉతకడానికి వేయమని ఆమె ఉద్దేశం. అయితే పోయినవాళ్ల బట్టలు చాకలికి ఇచ్చేయడం కూడా మాలో ఆనవాయితీ. మా బట్టలు ఉతికే సుబ్బమ్మ మూట కట్టుకుంటూ, "ఇది అమ్మదే గదా. నాకేనా, పాపా?" అని అడిగింది. ఉతకడానికేనా అని అడుగుతోందనుకుని, "నీకే" అన్నాను.

సుబ్బమ్మ తను రాకుండా ఎవరో కుర్రాడి చేత రెండుసార్లు ఉతుకు బట్టలు పంపింది, చీర రాలేదు. మూడోసారీ రాకపోయేసరికి నేను అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే నాయనమ్మ, "సందు చివర దాకా పోయొద్దాం పద" అని, దుప్పటి కూడా కప్పుకోకుండా బయల్దేరింది. సందు చివర సుబ్బమ్మ ఇంట్లో లేదు. కూతురింటి దగ్గర ఉంటుందనీ, అది స్టేషను అవతలనీ పొరుగావిడ చెప్పింది.

నాయనమ్మ ఎన్నడూ అంత దూరం నడిచి ఎరగదు. మంచులో కోటప్పకొండ ఏ వైపుందో కూడా తెలియలేదు. రెండుసార్లు దారి తప్పి పాత బజారులోకే తిరిగొచ్చాం. రేగుపళ్ల గంపలు దిగుతున్నాయి, మిల్లుకు పోయే పత్తి బళ్ల వెనక దారంతా తెల్లటి పింజలు రాలుతున్నాయి. దుకాణం ముందు దూది ఏకుతున్న సాయిబు మమ్మల్ని రెండోసారి చూసి, "ఏందత్తా, ఊరంతా చుట్టబెడుతున్నావ్, ఓట్లకి నిలబడతన్నావా ఏంది?" అన్నాడు.

"నీ ఓటు నాకేనా, అది చెప్పు ముందు" అంది నాయనమ్మ.

నేను పకపకా నవ్వాను. అమ్మ పోయాక నేను నవ్విన మొదటి పొద్దు అదే.

పట్టాల అవతల ఆ ఇంట్లో మా చీర వాసానికి ఉయ్యాలగా వేలాడుతోంది. అందులో పసిబిడ్డ నిద్రపోతోంది. పక్కనే పచ్చి బాలింత, సుబ్బమ్మ కూతురు, గోనెపట్టా మీద కూర్చుని ఉంది. నాయనమ్మ సంగతి చెప్పగానే సుబ్బమ్మ ముఖం వాడిపోయింది. "పాపే నీకే అంది గదమ్మా. నేనడిగే తీసుకున్నా" అంది.

నాయనమ్మ వంగి ఉయ్యాలలోకి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వే చెప్పవే. చలి చానా ఉంది. ఉంచేద్దామా?"

"మా అమ్మది" అన్నాను.

ఆ బాలింత లేచి, బిడ్డను బయటికి తీసి సుబ్బమ్మ చేతికిచ్చి, ముడి విప్పింది. బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. ఆమె చీరను నాలుగు మడతలు పెట్టి, నేనింకా చిన్నదాన్నయినా, పెద్దవాళ్లకు ఇచ్చినట్టు రెండు చేతులతో నాకు అందించింది. తిరుగుదారిలో నాయనమ్మ సాయిబు దుకాణం వైపు తల తిప్పకుండా నడిచింది. ఆ రాత్రి చీర కప్పుకుంటే అందులో అమ్మ లేదు. పాల వాసన వచ్చింది. మళ్లీ దాన్ని కప్పుకోలేదు. పెట్టెలోనే చివికిపోయింది.

మొన్న నరసరావుపేట వెళ్లినప్పుడు పట్టాలు దాటి చూశాను. ఆ ఇళ్లు లేవు, అన్నీ మేడలే. సుబ్బమ్మ కుటుంబం ఎటు పోయిందో చెప్పేవాళ్లు దొరకలేదు. ఆ బిడ్డకు ఇప్పుడు నాకంటే తొమ్మిదేళ్లు తక్కువ ఉండాలి. ఆడబిడ్డో మగబిడ్డో ఆ రోజు నేను అడగలేదు.