ధర్మవరం చీరలో జపాన్ తాబేలు

పొద్దున ఆరున్నరకే ధర్మవరం నుంచి మా అక్క కూతురు శ్రావణి ఫోన్ చేసింది. “పిన్నీ, నాయన నా బొమ్మల పుస్తకాలన్నీ సాయంత్రం పాత పేపర్లాయనకు ఏస్తానంటాండాడు. నువ్వు రా.”

అవి జపాన్‌లో పిల్లల కోసం గీసిన హాస్యకథలు. తొందరపడి పరిగెత్తి, పేజీకోసారి వెల్లకిలా పడే తాబేలు వాటి కథానాయకుడు. అది టీవీలో కార్టూన్‌గానూ, ఫోన్‌లో ఆటగానూ వచ్చింది. పుస్తకాలు కొనిచ్చిన పాపం నాదే కాబట్టి బయలుదేరక తప్పలేదు.

హిందూపురంలో మా బట్టల దుకాణం తాళాలు మా ఆయన చేతిలో పెట్టి ఎనిమిదిన్నర ప్యాసింజర్ ఎక్కాను. మీరెప్పుడైనా ఈ దారిన వెళితే కిటికీ పక్కన కూర్చోండి, పెనుకొండ దగ్గర కొండ మీది కోటగోడలు చూడొచ్చు. అక్కడే కనగానపల్లి ఊరి అవ్వ ఒకామె ఎక్కి, నాకు ఉడికించిన చెనక్కాయలు పెట్టింది. సంగతంతా విని, “బొమ్మలు చూసి నగితే తప్పేముండాది? నగనీ” అంది. ఆ మాట బావతో అనే ధైర్యం నాకు లేదు.

పదిన్నరకు దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఆటోలో అక్కావాళ్లింటికి చేరాను. బావ మగ్గం గుంటలో మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. “చూడు, మా పాప చేసిన ఘనకార్యం” అంటూ మగ్గం కింద అద్దం పెట్టాడు. నేసేటప్పుడు చీర మంచి వైపు కిందికి ఉంటుంది, నేసేవాడికి వెనకవైపే కనిపిస్తుంది. అద్దంలో చూస్తే, పెళ్లిచీర అంచులో హంస ఉండాల్సిన చోట తాబేలు, నాలుగు కాళ్లూ పైకెత్తి. నాకు నవ్వాగలేదు. అక్క కళ్లెర్రజేసింది.

గళ్ల కాగితం మీద బావకు డిజైన్లు నింపేది శ్రావణే. పెళ్లివాళ్లు తొందరపెడితే ఈయన పేజీ చూడకుండా, గళ్లను బట్టి మగ్గం అట్టలకు చిల్లులు కొట్టేవాడికి ఆ గళ్ల పుస్తకమంతా ఇచ్చేశాడు. హంస తర్వాతి పేజీలో ఆ పిల్ల సరదాకు గీసుకున్న తాబేలుంది. నింద మాత్రం జపాన్ పుస్తకాల మీద పడింది.

రాగిముద్ద తిన్నాక బావ ఆ జానెడు నేత విప్పడానికి కూర్చున్నాడు. శ్రావణి బిక్కమొహంతో పక్కన నిలబడింది. సగం విప్పాక ఆయన చెయ్యి ఆగింది.

“లెక్క యాడా తప్పలేదే. ఈ వంపులు ఎవరు నేర్పినారు నీకు?”

“ఆ ఫోన్ ఆటలో బొమ్మంతా గళ్లే నాయనా. ఒక్కోటి ఎంచి గీసుకున్నా.”

ఆయన మిగిలిన సగం తాబేలును అద్దంలో చూశాడు. “ఇది ల్యాస్తాదా, ఇట్లే పడుంటాదా?”

“ల్యాస్తాది నాయనా. ఆ బొమ్మ రెండో పుస్తకంలో ఉండాది.”

“అయితే అది తే.”

పాత పేపర్లాయన వచ్చినప్పుడు బావ మగ్గం గుంటలో నుంచే “ఏమీ లేవబ్బా” అని పంపేశాడు.

ఐదింటి రైలుకు తిరుగుముఖం పట్టాను. పెనుకొండ దాటాక బావ ఫోన్ చేశాడు. “హిందూపురంలో చిన్నపిల్లోళ్ల పట్టులంగాల మీద మా పాప గీసిన తాబేలు బొమ్మ నేస్తే అమ్ముడు పోతాదా?”

“పోతాది బావా” అన్నాను. పోతుందో లేదో దేవుడికెరుక. ధర్మవరానికి చీరల కోసం ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. కూతురి బొమ్మ గురించి బావ నన్నొక మాట అడగడం ఇదే మొదటిసారి.