ముక్తినాథ్ దారిలో మా అత్తగారు

పోయిన మంగళవారం ఉదయం సూళ్లూరుపేటలో రైలు దిగి నేను పనిచేసే బడికి నడుస్తుంటే మా ఆయన ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది" అన్నాడు. మొక్కలకు నీళ్లు పోస్తూ కూలబడ్డారట. డాక్టరు వచ్చేలోపే అయిపోయింది. తిరుగు రైల్లో కూర్చున్నాక నా కళ్ల ముందు మెదిలింది ఇల్లూ వాకిలీ కాదు, నేపాల్ కొండల్లో బండి నడుపుతున్న అత్తగారు.

మాది తోటపల్లి గూడూరు దగ్గర పల్లె. మామగారు పోయాక రొయ్యల గుంటల పని ఆమె మీద పడింది. మామగారి మోటారు సైకిలు నడపడం నేర్చుకుని, లైసెన్సు తీసుకుని, వెనక మేత బస్తా కట్టుకుని సన్నటి గట్ల మీద పదిహేనేళ్లు తిరిగారు. ఎక్కేముందు పెట్రోలు ట్యాంకును రెండుసార్లు తట్టడం అలవాటు. నాకు బండి నేర్పిందీ ఆమే. "బురదలో చక్రాన్ని చూడబాకమ్మే. పోయే చోటు చూడు" అనేవారు.

మూడేళ్ల కిందట నేనూ మా ఆయనా నేపాల్ వెళ్లి, బండి మీద ముక్తినాథ్ గుడి దాకా పోవాలనుకున్నాం. తీరా బయల్దేరే వారంలో రొయ్యలకు జబ్బు తగిలింది. ఆయన కదిలే వీల్లేదు. నేను టికెట్లు రద్దు చేయబోతుంటే అత్తగారు వచ్చి, "నేనొస్తా" అన్నారు. అప్పటికి ఆమెకు అరవై రెండు.

"ఈ వయసులో కొండల్లో నీకేం పనొదినా?" అంది ఆమె ఆడపడుచు.

"యాడికీ పోకుండానే ముసిల్దాన్నయినా. పోయొచ్చినాక ఏమైతానో చూద్దాం."

పోఖరాలో ఒకే బండి అద్దెకు తీసుకున్నాం. నేను నడిపాను, ఆమె వెనక కూర్చున్నారు. రెండో రోజు మధ్యాహ్నం ఒక మలుపు తిరగ్గానే ముందర దారి లేదు. వానకు కొండచరియ జారి, ఫర్లాంగు పొడవునా బురద. ఒక పక్క నిలువు కొండ, ఇంకో పక్క లోయ. అత్తగారిని దిగమని బండిని ముందుకు పోనిచ్చాను. ఇరవై గజాలు కూడా పోకముందే చక్రం జారి లోయ వైపు పడ్డాను. అంచు ఇంకా రెండు బారల దూరంలో ఉంది. మణికట్టు వాచిపోయింది.

"వెనక్కి పోదాం అత్తా" అన్నాను ఏడుస్తూ.

"నడవగలవా?"

"నడుస్తా."

"అయితే కొండ పక్కన నడువు. బండి నేను తెస్తా."

బురద ముందు ఆగిపోయిన ఒక బస్సు డ్రైవరు మా బండి లేపి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె పైజమా మోకాళ్ల దాకా మడిచారు. ట్యాంకును రెండుసార్లు తట్టి, మొదటి గేరులో, రెండు కాళ్లూ నేలకు రాస్తూ కదిలారు. సగం దూరంలో వెనక చక్రం పక్కకు జరిగింది. ఆమె తల దించలేదు, వేగం పెంచలేదు, తగ్గించలేదు. బండి దానంతటదే దారిలో పడినట్టు సర్దుకుని గట్టి నేల ఎక్కింది. బస్సులోవాళ్లు చప్పట్లు కొట్టారు.

అంతటితో ఆగలేదు. స్కూటరుతో ఈవలే నిలిచిపోయిన ఒక నేపాలీ టీచరమ్మ దగ్గరికి నడిచి వచ్చి, "తాళం ఇయ్యమ్మే" అన్నారు, మన నెల్లూరు భాషలోనే. ఆవిడ ఇచ్చేసింది. అదీ దాటించారు. టీచరమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని "ఆమా, ఆమా" అంది. అదేం మాటో అత్తగారికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

ఊరికి తిరిగొచ్చాక ఐదుగురు ఆడవాళ్లకు ఆమె గుంటల గట్ల మీద బండి నేర్పారు. పోయిన మంగళవారం ఆ ఐదుగురూ సొంత బండ్ల మీద మా ఇంటికి వచ్చారు.

నేపాల్లో ఆ బురద దాటాక ముక్తినాథ్ దాకా ఆమే నడిపారు. నేను వెనక కూర్చుని, బాగున్న చేత్తో ఆమె నడుం పట్టుకున్నాను. ఎండ తేలింది. ఒక మలుపులో మంచుకొండ ఉన్నట్టుండి ఎదురుగా నిలబడింది. దారిలో ఇంకెవరూ లేరు. అయినా అత్తగారు హారన్ గట్టిగా కొట్టారు. లోయ అవతలి కొండ తిరిగి పలికింది. ఆమె భుజాలు కదిలేలా నవ్వి, మళ్లీ కొట్టారు.