పెరట్టుకు రానివాళ్ళ నోటుబుక్కు

మొన్న మా మలేషియాలోని సైబర్‌జయలో, ఎముకలు కొరికే ఏసీ గదిలో, ఆరోగ్య విధానాల మీద జరిగిన ఒక సమావేశానికి నన్నూ పిలిచారు. రిటైరైన ప్రొఫెసరమ్మను పిలవకపోతే బాగుండదనుకున్నారు కాబోలు. మా చిన్నకూతురి వయసున్న ఒక అధికారి గోడమీద రంగురంగుల బొమ్మలు చూపిస్తూ, తెలుక్ ఇంటాన్ ఊరి అవతల తోటల మధ్యనున్న చిన్న క్లినిక్కులో ఈ నెలనుంచీ ఫోనులో నమోదు చేసుకున్నవాళ్ళనే చూస్తున్నారనీ, నమోదులు తగ్గాయి గనుక త్వరలో దాన్ని మూసేస్తారనీ చెప్పింది. మా మేనత్త చక్కెర జబ్బు పుండుకు వారం వారం కట్టు మార్పించుకునేది అక్కడే. నాకు ఒళ్ళు మండిపోయింది.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రబ్బరు తోటల్లో తెల్లవారకముందే పెరట్టు జరిగేది, అంటే మేస్త్రీ అయిన కంగాణి పేర్లు పిలుస్తుంటే కూలీలు పలికే హాజరు. మందులిచ్చే డ్రెస్సరయ్య కూడా ఆ వేళకు వచ్చి కంగాణి పక్కన నిలబడి, రానివాళ్ళ పేర్లు మాత్రం నోటుబుక్కులో రాసుకుని, ఎదురుగా 'వరలే', రాలేదు, అని అరవంలో ఒక్క ముక్క చేర్చి, సైకిలెక్కి వాళ్ళ ఇళ్ళవైపు సాగేవారు. చెట్టు గీసే కత్తి దిగి మా అత్త కాలు చీము పట్టినా, పనిలోంచి తీసేస్తారన్న భయంతో ఎవరికీ చెప్పవద్దని మా అమ్మచేత ఒట్టు వేయించుకుని చాపమీద పడుకుంటే, రెండోనాడే గుమ్మంలో సైకిలు గంట మోగింది. ఆ కాలు నిలిచిందంటే అది ఆయన పుణ్యమే.

తరవాత నేను చదువుకుని, ఆరోగ్య శాఖలో కొత్త ఉద్యోగపు పొగరుతో ఫారాలు చంకన పెట్టుకుని అదే తోటకు వెళితే, ఆయన ఆ నోటుబుక్కును ఎంతో గర్వంగా నా చేతిలో పెట్టారు. అందులో జబ్బు పేరు లేదు, మందు పేరు లేదు, పేజీల నిండా వరలే, వరలే. రానివాళ్ళను లెక్కపెడితే ఏం వస్తుందయ్యా అని నవ్వాను. ఆయనా నవ్వి, నోటుబుక్కు తీసుకుని సైకిలెక్కారు. తోటల్లో మందుల గదులు దండగ, క్లినిక్కులు కట్టండని నివేదిక రాశాను. గదులు మూశారు, ఆయన్ని పంపించేశారు.

మొన్నటి సమావేశంలో చివరి బొమ్మ ఏమిటనుకున్నారు? నా నివేదికే! ప్రొఫెసరుగారు ఆనాడే దారి చూపారని ఆ అమ్మాయి అంటే అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గుతో చచ్చి, లేచి, మరి నమోదు చేసుకోనివాళ్ళ సంగతేమిటని అడిగాను. వాళ్ళకు జబ్బు లేనట్టే కదా, రానివాళ్ళను ఎలా లెక్కపెడతామని నవ్వింది. మంత్రులు మారారు, జెండాలు మారాయి, నా నవ్వు మాత్రం చెక్కుచెదరకుండా ఆ పిల్ల మొహంమీద కూర్చుంది.

ఇంటికొచ్చి అత్తకు ఫోను చేశాను. ఇక్కడివాళ్ళందరిలా మాట చివర 'లా' తగిలించి అంది:

"ఓలమ్మా, కట్టుకి పోయి మూడు వారాలయినాది లా. ఆ పోనులో ఏటి నొక్కాలో నాకు తెల్దు. నానొక్కదాన్ని రాకపోతే ఎవులికి తెలుస్తాది?"

రేపు పొద్దున్నే తెలుక్ ఇంటాన్ బస్సెక్కుతున్నాను. అత్తకైతే నేనున్నాను; ఆ చుట్టుపక్కల తలుపులు వేసుకుని పడుకున్న మిగతావాళ్ళ గుమ్మాల్లో గంట మోగించే మనిషి ఇప్పుడు లేడు, ఆయన్ని పంపించేసిందాన్ని నేనే.