మా వీధికి దిష్టి తీసిన వైనం

సుధా, ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఒక్క అక్షరం కూడా కల్పన లేదు. ఉంటే ఈ టీ నా నాలిక మీద కాకరకాయ రసమైపోవాలి. మా కోడలు కీర్తి లోపలి గదిలో ఆఫీస్ మీటింగ్‌లో ఉంది గనక సరిపోయింది. లేకపోతే "అత్తయ్యా, సగం తగ్గించి చెప్పండి" అని మధ్యలో వచ్చేది. సగం తగ్గిస్తే ఇంక మిగిలేది గుమ్మడికాయ ఒక్కటే. ఆ గుమ్మడికాయ వల్లే నేను పది రోజులపాటు వీధి గుమ్మం వాడకుండా, దొంగలా గరాజ్‌లోంచి తిరిగాను.

వర్జీనియాలో మా షాంటిలీ చుట్టుపక్కల కమ్యూనిటీలకి ఏటా వేసవి చివర ఒక పోటీ పెడతారు. వీధులు ఎంత శుభ్రంగా ఉన్నాయి, పూలమొక్కలూ పచ్చికా ఎలా ఉన్నాయి, పర్యావరణం కోసం ఇళ్ళవాళ్ళంతా కలిసి ఏం చేస్తున్నారు, ఈ మూడింటికీ విడివిడిగా మార్కులు. మామూలుగా అయితే నేను ఇలాంటివి పట్టించుకోను. ఈసారి మాత్రం నా ప్రాణం అందులో ఇరుక్కుంది.

మా ఇళ్ళ వెనక పన్నెండు కూరగాయల మడులున్నాయి. నాలుగోది నాది. బీరపాదు, దోసపాదు, గోంగూర. బీరకాయలు ఎంత పొడుగంటే ఒకటి కోస్తే ఇద్దరం మోసుకురావాలి. కొందరికి ఆ మడులు కళ్ళలో పడ్డాయి. చూడ్డానికి గజిబిజిగా ఉన్నాయి, చదును చేసి కుక్కల పార్క్ పెడదాం అన్నారు. కుక్కలంటే నాకేం కోపం లేదు. కానీ నా గోంగూర ఉన్నచోట అవి కాలెత్తుతుంటే నేను కిటికీలోంచి ఎలా చూడను? మీటింగ్‌లో ఓట్లు సరిసమానం అయ్యాయి. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. పోటీలో ఆ మూడో అంశంలో, అదే పర్యావరణంలో, పాస్ మార్కులు వస్తే మడులు ఉంటాయి. రాకపోతే మంచు పడేలోపు బుల్‌డోజర్.

ఇక జడ్జి గురించి. పేరు మోరీన్. ఐరిష్ ఆవిడ. వాళ్ళ దేశంలో ఊరూరికీ ఇలాంటి పోటీలు జరుగుతాయట, అక్కడ పాతికేళ్ళు మార్కులు వేసి వేసి, ఇప్పుడు కూతురి దగ్గరికి వచ్చి ఉంటోంది. చెప్పి రాదు. పక్షం రోజుల్లో ఏ రోజైనా, ఏ గంటకైనా రావచ్చు.

మా కమ్యూనిటీ ప్రెసిడెంట్ ప్రసాద్. మనవాడే, సాఫ్ట్‌వేర్. మంచివాడు గానీ కంగారు మనిషి. ఆ పక్షం రోజులూ వాడు నిద్రపోలేదు, మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. పొద్దున్నే ఫోన్.

"ఆంటీ, మీ డ్రైవ్‌వేలో ఒక ఆకు ఉంది."

"మేపుల్ చెట్టు కింద ఆకు కాక అప్పడం ఉంటుందా ప్రసాదూ?"

"ప్లీజ్ ఆంటీ. ఆవిడ కార్‌లోంచే సిగరెట్ పీక కనిపెడుతుందట."

అంత మాట అన్నానే గానీ, ఫోన్ పెట్టేసి పరుగెత్తుకెళ్ళి ఆకు ఏరాను. నా కంగారు వాడి కంగారుకి అక్క. అన్నం సహించలేదు. తెల్లజుట్టు ఆడమనిషి ఎవరు కనబడ్డా మోరీనే అనుకున్నాను. ఒకావిణ్ణి గంటసేపు మడుల మధ్య తిప్పి, మొక్కమొక్కకీ ఉపన్యాసమిచ్చి, చివర్లో మజ్జిగ కూడా ఇచ్చాను. పాపం, ఆవిడ తప్పిపోయిన పిల్లిని వెతుక్కుంటూ వచ్చింది.

వారం తిరిగేసరికి మా వీధి అద్దమైంది. మెయిల్‌బాక్స్‌లు ఎంత తోమామంటే పక్షులు వాటిలో చూసుకుని ముస్తాబవుతున్నాయి. పక్క కమ్యూనిటీల వాళ్ళు కార్లు ఆపి, ఫోటోలు తీసుకుని, "సో బ్యూటిఫుల్" అనడం మొదలుపెట్టారు. అక్కడే నా గుండె జారింది. అన్ని కళ్ళు పడితే ఊరుకుంటుందా? సోమవారం ప్రసాద్ ఇంటి స్ప్రింక్లర్ పగిలి ఫౌంటెన్ అయింది. మంగళవారం హైడ్రేంజియా పూలు తలలు వాల్చేశాయి. బుధవారం నా బీరపందిరి ఒక పక్కకి ఒరిగింది.

నేను ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ లాబ్‌లో పనిచేసిన దాన్ని. సైన్సంటే నాకు గౌరవమే. కానీ సైన్సుకి దిష్టి తీయడం రాదు కదా.

ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి బూడిద గుమ్మడికాయ తెచ్చాను. స్టిక్కర్ మీద ఎనిమిది పౌన్లని ఉంది, నా నడుము లెక్కలో ఎనభై. కీర్తి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అత్తయ్యా, శుభ్రత పోటీ కోసం నడిరోడ్డు మీద గుమ్మడికాయ పగలగొడతారా?"

"రెండు నిమిషాల్లో ఎత్తేస్తాను. చీపురు, చేట, బకెట్ సిద్ధంగా పెట్టుకున్నాను."

"దిష్టి తీసినవాళ్ళు వెనక్కి చూడకుండా వచ్చేయాలి, ఎత్తకూడదు అని మీరే చెప్పారు."

"అది అక్కడ. ఇక్కడ ఎత్తచ్చు."

గురువారం పొద్దున్న ఏడింటికి బయల్దేరాను. మా కమ్యూనిటీలో మూడు దార్లు కలిసేచోటు కొంచెం ఎత్తుగా ఉంటుంది. అక్కడినుంచి రోడ్డు పల్లంగా దిగి గేటు దాకా పోతుంది. కాయకి పైన చిల్లు పెట్టి అందులో చిటికెడు కుంకుమ వేయాలి. కంగారులో నేను ప్యాకెట్ మొత్తం బోర్లించాను. ఒక నిమ్మకాయ, ఒక పెన్నీ నాణెం కూడా వేసి మూత పెట్టి, కర్పూరం వెలిగించి, వీధి వైపు తిరిగి మూడుసార్లు తిప్పాను. ఊరి కళ్ళు, వీధి కళ్ళు, కార్లాపిన వాళ్ళ కళ్ళు అని అందర్నీ తలుచుకుని, కర్పూరం తీసి ఆర్పేసి, బలమంతా పెట్టి నేలకేసి కొట్టాను.

పగల్లేదు.

డెబ్బై ఎనిమిదేళ్ళ చేతి బలం అంతే మరి. ఠప్‌మని ఒకసారి ఎగిరి, కాసేపు ఆలోచించి, పల్లం వైపు దొర్లడం మొదలుపెట్టింది. నేను చీపురు పట్టుకుని వెనకాల. "ఆగవే, ఆగవే" అంటూ పరుగు. అది నా మాట వింటుందా? స్టాప్ సైన్ దగ్గర కూడా ఆగలేదు. వర్జీనియాలో స్పీడ్ టికెట్ తినాల్సిన మొదటి గుమ్మడికాయ అదే అయివుంటుంది. నేరుగా గేటు దగ్గరికి పోయి, మా కమ్యూనిటీ పేరు చెక్కించి కొత్తగా పెట్టిన తెల్లరాతి బోర్డుకి తగిలి, అప్పుడు పగిలింది. చక్కగా, వంద ముక్కలుగా. తెల్లరాయి, దాని కింద తెల్ల పెటూనియా పూలు, వాటన్నిటి మీదా ఒక ప్యాకెట్ కుంకుమ.

సరిగ్గా అప్పుడే ఒక చిన్న నీలం కారు వచ్చి ఆగింది. తెల్లజుట్టు, రెయిన్ కోటు, చేతిలో క్లిప్‌బోర్డ్. ఈసారి పిల్లిని వెతుక్కునే ఆవిడ కాదు. ఆవిడ మాటలు మన భాషలోనే చెబుతాను, ఆ యాస నా నోట పలకదు.

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అంది ఆ ఎరుపు చూసి.

"గుమ్మడికాయకి," అన్నాను.

"మీరే విసిరారా?"

దిష్టి అన్నానంటే, అదేమిటంటుంది. చెడు కన్ను అనాలి. ఎవరి కన్ను అంటుంది. మా వీధిని తేరిపార చూడ్డానికే వచ్చిన మనిషికి ఆ ముక్క ఎలా చెప్పను? వెనక పన్నెండు మడులు గుర్తొచ్చాయి. బుల్‌డోజర్ చప్పుడు చెవుల్లో వినబడింది.

"కంపోస్ట్," అన్నాను.

"కంపోస్ట్ రోడ్డు మీద చేస్తారా?"

"ముందు పగలాలి కదా. పెద్ద ముక్క కుళ్ళడానికి నెల, చిన్న ముక్కకి వారం."

"మీ ఇంట్లో కత్తి లేదా?"

"ఇది ఇంపాక్ట్ మెథడ్. పీచు బాగా విడిపోతుంది."

ఆవిడ వంగి రాతి మీద వేలు రాసి చూసింది. "ఈ ఎరుపు?"

"పసుపు, సున్నం. నేలలో పులుపు తగ్గుతుంది." ఇది మాత్రం అబద్ధం కాదు, మంచి కుంకుమలో ఉండేది అవే.

"మరి నిమ్మకాయ?"

"నేలలో పులుపు పెరగడానికి."

"తగ్గించి పెంచుతారా?"

"బ్యాలెన్స్," అన్నాను.

చివరికి పెటూనియాల మధ్యనుంచి పెన్నీ తీసి నా ముఖం ముందు పట్టుకుంది.

"రాగి," అన్నాను. "సూక్ష్మపోషకం."

"పెన్నీలో ఎక్కువ భాగం జింక్."

"అది ఇంకా మంచిది."

అప్పుడు జాగింగ్ నిక్కర్‌లో ప్రసాద్ వచ్చాడు. బోర్డు చూశాడు, నన్ను చూశాడు, క్లిప్‌బోర్డ్ చూశాడు. ముఖంలో నెత్తురు లేదు, అంతా బోర్డు మీదే ఉన్నట్టుంది. నేను కళ్ళతో సైగ చేశాను. "అవును మేడమ్, ఇది మా పైలట్ ప్రోగ్రామ్," అన్నాడు పాపం.

"ఎన్నాళ్ళుగా?"

"ఈ పొద్దుటి నుంచి," అన్నాడు. వాడికి అబద్ధం సగమే వచ్చు.

ఆవిడ నాలుగు లైన్లు రాసుకుంది. "ఈ కంపోస్ట్ ఎక్కడికి పోతుందో చూపించండి," అంది.

మడుల దాకా రెండు నిమిషాల నడక. నాకు తిరుపతి మెట్లెక్కినట్టుంది. అక్కడ ఏముందో నాకు తెలుసు. ఒరిగిన పందిరిని నా పాత వాయిల్ చీరతో కంచెకి కట్టాను. మూలన నా కుప్ప. టీపొడి, అరటితొక్కలు, బియ్యం కడుగు, పులిసిన మజ్జిగ, ఏళ్ళ తరబడి అక్కడే పోస్తున్నాను. మా ఇంట్లోవాళ్ళు దాన్ని "అత్తయ్య మ్యూజియం" అంటారు. మోరీన్ చీర వైపు చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని, రెయిన్ కోటు చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా ఆ కుప్పలోకి దూర్చింది. గుప్పెడు మట్టి తీసి వాసన చూసింది. నల్లటి మట్టి, అందులో వానపాములు. ఒక్కొక్కటీ నా జడంత ఉంది.

గోంగూర ఆకు ఒకటి తుంచి, "ఇది తింటారా?" అంది. ఊఁ అనేలోపే నమిలేసింది. ముఖం ముడుచుకుపోయింది. మళ్ళీ ఏదో రాసుకుంది.

"ఆంటీ, పులుపుకి మార్కులు తీసేస్తుందా?" అన్నాడు ప్రసాద్ నా చెవిలో.

ఆవిడ వెళ్ళాక వాడు బకెట్ తెచ్చి బోర్డు కడగడం మొదలుపెట్టాడు. సబ్బుకి పోలేదు. నన్నడక్కుండా వెనిగర్ పోశాడు. కుంకుమ మీద పులుపు పడితే పసుపవుతుంది, స్కూలు పిల్లలకి కూడా తెలుసు. సాయంత్రానికి మా తెల్లరాతి బోర్డు సగం పసుపు, సగం ఎరుపు. శుక్రవారం కడిగి పసుపుకుంకుమలు పెట్టిన గడపలా ఉంది. మన ఆడవాళ్ళు ఇద్దరు కార్ ఆపి దండం పెట్టుకున్నారు కూడా.

తర్వాత పది రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. మడుల వైపు వెళ్ళాలంటే భయం. మిగతా పదకొండు మడుల వాళ్ళకి మొహం చూపించలేను. ఒక సాయంత్రం రహస్యంగా వెళ్ళి దోసకాయలన్నీ కోసేశాను, ఎలాగూ పోయే పాదే కదా అని. బరువు పది కిలోలు తగ్గాను. కీర్తి అరకిలో అంటుంది, దాని కాటా చెడిపోయింది.

పదకొండో రోజు ప్రసాద్ ఫోన్ పట్టుకుని మా వంటింట్లోకి వచ్చాడు. "ఆంటీ, రిపోర్ట్. నేను చదవలేను, మీరు చదవండి."

"నా కళ్ళజోడు ఎక్కడుందో తెలీదు. నువ్వే చదువు." కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది. వాడూ నేనూ ఇద్దరం చూడనట్టు నటించాం.

చదివాడు. శుభ్రతలో అందరికంటే తక్కువ మార్కులు మావే. కారణం, నడిరోడ్డు మీద గుమ్మడికాయ. పూలమొక్కల దగ్గర ఒక వాక్యం, గేటు దగ్గరి పెటూనియాల రంగు మరీ ధైర్యంగా ఉందని. ఇక మూడోది. నేను కుర్చీ పట్టుకున్నాను.

"'ఒక పెద్దావిడ కంపోస్ట్ గురించి చెప్పిన మాటల్లో ఒక్కటి కూడా నేను నమ్మలేదు. ఆవిడ మట్టిని నమ్మాను. ఇంత మంచి మట్టి చూసి చాలాకాలమైంది. పాస్. ఈ మడులు ఉండాలి.'"

నేను ప్రసాద్‌ని కౌగలించుకున్నాను. వాడు నా చేతుల్లోంచి విడిపించుకుని, "ఇంకా ఉంది ఆంటీ," అన్నాడు.

"'కమ్యూనిటీలోని అన్ని ఇళ్ళ వంటింటి చెత్తా ఇకనుంచి ఆవిడ చేతికే అప్పగించాలని నా సిఫారసు. రోడ్డు మీద పగలగొట్టే భాగం మాత్రం వద్దు. వసంతంలో వచ్చి చూస్తాను. చెప్పి రాను.'"

అదీ సంగతి. నూట నలభై ఇళ్ళ తొక్కలు, తొడిమలు, పెంకులు ఇప్పుడు నావి. వీధికి పట్టిన దిష్టి ఎటూ పోలేదు, తిన్నగా వచ్చి నా నెత్తిన కూర్చుంది. కుప్ప ఎంత ఎత్తైందంటే డల్లెస్‌లో దిగే విమానాలు కాస్త పక్కకి తప్పుకుని వెళుతున్నాయి. అంతా పచ్చి చెత్తే, తడితడిగా ఉండి వాసన పట్టుకుంది. అందులో ఎండుటాకులు కలపాలి. కలుపుదామంటే మా వీధిలో ఎండుటాకు అన్నది లేదు. ప్రసాద్ పుణ్యమా అని అక్టోబరులో కూడా చెట్టునుంచి రాలేలోపే ఎవరో ఒకరు పట్టుకుంటున్నారు.

సుధా, టీ తాగడం అయిందా? నీ వ్యాన్ ఖాళీగానే ఉందిగా. మీ వీధిలో జనం ఆకులూడ్చి గోధుమరంగు కాగితం సంచుల్లో నింపి ఇళ్ళ ముందు పెడతారు చూడు, రేపు చెత్త లారీ రాకముందే ఓ ఎనిమిది సంచులు ఎక్కించుకుని తీసుకురా. పుల్లలున్నవి వద్దు, ఓక్ ఆకు దొరికితే మరీ మంచిది. ఎవరైనా బయటికొచ్చి ఎందుకని అడిగితే, మా ఆచారం అని చెప్పు.